తలాపు ఎటు

2013 జనవరి 20, ఆదివారం

మూడో గది కూలగొట్టారు.

రేకులు విప్పి గోడకు ఆనించారు. ఇటుకలు ట్రాక్టర్లో పోయాయి. పొద్దున మొదలుపెడితే అన్నం వేళకు అక్కడొక గది ఉండేదని ఎవరైనా చెబితే తప్ప తెలియనట్టు అయిపోయింది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ నరేందర్ అన్న ఉన్నది ఆ గదిలోనే. పొద్దుందాకా క్లాసులు, సాయంత్రం స్టవ్ మీద అన్నం, ఆ తర్వాత మీటింగులు. నాకు మొదటి కరపత్రం చేతికిచ్చి "చదువు తమ్మీ, గట్టిగ చదువు" అన్నది ఆ గడపలో కూర్చునే. గడప కూడా ట్రాక్టర్లో పోయింది. ఇప్పుడక్కడ మేడ మీద వాళ్ల కారు నిలబెడతారట.

నాకు బాధేమీ లేదు. రాసిపెట్టుకుంటున్నానంతే.

ఈ రాత కూడా ప్రెస్సులో తప్పు అచ్చయిన కాగితాల వెనకవైపే. ముందువైపు డబుల్ బెడ్రూం ఫ్లాట్ల బొమ్మ ఉంది. ఫోన్ నంబర్లో ఒక అంకె ఎగిరిపోయింది కాబట్టి మొత్తం కట్ట చెత్తలో పడింది, నేను తెచ్చుకున్నాను. నేను చేరినప్పుడు చిదంబరం సార్ ప్రెస్సులో విద్యార్థి సంఘాల కరపత్రాలే ఎక్కువ. సిరా ఆరకముందే చదివేవాణ్ని. ఇంటర్ తప్పినవాడికి అదే కాలేజీ. ఇప్పుడు వచ్చేవన్నీ ఫ్లాట్లవి. చదవడానికి ఏమీ ఉండదు. గాలి, వెలుతురు, వాస్తు.

మేముండేది మొదటి గది. నాయిన, అమ్మ, నాయనమ్మ, నేను. రెండో గదికి తాళం. దాన్ని కూడా తీసేస్తారని అమ్మ అంటోంది. ముందువైపు మేడలో కింద ఓనర్ తారామణి ఆంటీ, పైన పృథ్వీ, సిరి. మొగుడూ పెళ్లాలిద్దరికీ పోచారం క్యాంపస్‌లో ఉద్యోగం. మూడు గదుల్లో మేమందరం కలిసి ఇచ్చినదానికన్నా పై పోర్షన్ ఒక్కటే ఎక్కువ ఇస్తుంది. అమ్మ వంట చేసే మెస్సు కూడా అంతే. ఇదివరకు యూనివర్సిటీ పిల్లలు తినేవాళ్లు, ఇప్పుడది సాఫ్ట్‌వేర్ ఆడపిల్లల హాస్టల్. అదే పొయ్యి, అదే గంటె, కూరలో కారం మాత్రం తగ్గింది.

తారామణి ఆంటీని గల్లీ అంతా అమ్మగారూ అంటుంది. నేను ఆంటీ అంటాను. ఇది సిద్ధాంతానికి సంబంధించిన విషయం.

జనవరి 27

వెనక గల్లీ చంద్రయ్య తాత దవాఖానాలో పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి వాళ్ల ఓనర్ గేటుకు తాళం వేసుకొని ఊరికి పోయి ఉన్నాడు. అద్దె ఇంట్లోకి శవం రావద్దు. ఇది ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. అందరికీ తెలుసు.

గల్లీలో మోరీ కాలువ పక్కన టెంటు వేసి, మంచం మీద పెట్టారు. ఇండస్ట్రియల్ ఏరియాలో జీవితమంతా పనిచేసిన మనిషి. నీళ్ల ట్యాంకర్ వస్తే మంచాన్ని పక్కకు జరిపి, అది పోయాక మళ్లీ తెచ్చి పెట్టారు. రెండోసారి జరిపినప్పుడు ఆయన చేయి మంచం మీదినుంచి జారింది. కోడలు తీసి లోపల పెట్టింది.

నాయనమ్మ కర్ర పట్టుకొని పోయి చూసి వచ్చింది. నాయిన డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అంది:

"రాజయ్యా, నన్ను రోడ్డు మీద పెట్టకురి."

"నీకేమైందే అవ్వా, మంచిగున్నవ్."

"గీ నాచారంల, గా తార్నాకల ఎన్ని ఇండ్లకు సిమెంటు మాలు మోసిన్నో లెక్క లేదు. యూనివర్సిటీ హాస్టల్ స్లాబుకు గూడ మోసిన. ఒక్క ఇంట్ల పండుకోని పోత. గంతే అడుగుతున్న."

నాయిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు, ఆరిన తర్వాత కూడా.

మోత్కూరు దగ్గర మా ఊళ్లో ఇల్లు వానలకు కూలి ఏళ్లయింది. పునాది రాళ్లు కూడా పాలివాళ్లు తీసుకుపోయారు. పోవడానికి అక్కడేమీ లేదు.

ఫిబ్రవరి 19

నాయనమ్మను దవాఖానాకు తీసుకుపోయాం. ఊపిరితిత్తుల నిండా దుమ్మట. డాక్టర్ ఎక్స్‌రే ఫొటోను వెలుతురుకు పెట్టి చూసి, "ఇంటికి తీసుకుపోండి, నెలలే" అన్నాడు.

ఏ ఇంటికి అని అడగలేదు. అది ఆయన డ్యూటీ కాదు.

మార్చి 3

సిరి బట్టలు ఆరేయడానికి కిందికి దిగింది. ఆమెకు ఐదో నెల. నాయనమ్మ గోడకు ఆనుకొని ఎండలో కూర్చుంది.

"బాగున్నారా నాయనమ్మగారూ?"

"బాగలేకనే గీడ కూసున్న బిడ్డా. బాగుంటె నీ కారు నేనే నడుపుదు. ఏం పేరన్నవ్?"

"సిరి."

"మంచిగున్నది. నా పేరు ఉప్పలమ్మ. గీ ఉప్పల్‌కు నా పేరే పెట్టిన్రు."

"అవునా!" అంది సిరి. నిజంగానే నమ్మింది. నాయనమ్మ నవ్వబోయి దగ్గులో పడింది. సిరి లోపలికి పోయి రెండు కమలాపళ్లు తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఆమె పైకి వెళ్లాక నాయిన మెల్లగా అన్నాడు: "అవ్వా, జర మెల్లగ దగ్గు. పైకి ఇనబడుతది."

దగ్గుకు కూడా ఓనర్ పర్మిషన్ కావాలా అని అడిగాను. కోపం రాలేదు. బకెట్ నా కాలికి తగిలి దొర్లింది, అంతే.

"నోరు మూసుకోరా" అంది అమ్మ. "అమ్మగారికి తెల్వదనుకుంటున్నవా? అన్నీ తెలుసు. తెలిసినోళ్లను తెలిసినట్టు ఉండనియ్యాలె."

భయాన్ని మర్యాద అనుకోవడం అంటే ఇదే. తారామణి ఆంటీ మొగుడు భూషణం సార్ హబ్సిగూడ ల్యాబులో టెక్నీషియన్. ఆయన పోయినప్పుడు ముందు గదిలో, ఫ్యాను కింద పడుకోబెట్టారు. గల్లీ అంతా వచ్చింది. వాకిలి కడిగింది మా నాయనమ్మే. ఓనర్లకు చావు ఇంట్లో, కిరాయిదారులకు మోరీ పక్కన. ఇది ఎవరైనా ఒకరు రాయాలి.

మార్చి 24

రాశాను.

ప్రెస్సు సెలవు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కత్తిరింపుల్లో మిగిలిన పసుపు కాగితం వాడాను కాబట్టి సార్‌కు నష్టం లేదు. శీర్షిక: "చావు నేరమా?" మొదటి పేరా చంద్రయ్య తాత గురించి. రెండోది ఆస్తి గురించి. మూడోదాంట్లో డిమాండ్లు. అద్దె ఇంట్లో వృద్ధులకు, రోగులకు చివరి శ్వాస హక్కు ఉండాలి. ఓనర్లు దీన్ని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లు కారణం బహిరంగంగా చెప్పాలి. సామాజిక న్యాయం వర్ధిల్లాలి.

నరేందర్ అన్నకు చూపించాను. ఇప్పుడు ఉప్పల్‌లో సంఘం ఆఫీసు చూసుకుంటున్నాడు. రెండుసార్లు చదివి, "జబర్దస్త్ రాసినవ్ తమ్మీ. ముగింపు జర బలహీనం" అన్నాడు. ముగింపు మార్చలేదు. అది బలహీనంగా లేదు.

మార్చి 31

నాచారం చౌరస్తాలో పేపర్లు సర్దే అన్న నాకు తెలుసు. తెల్లారుతుండగా పోయి మా గల్లీకి, వెనక గల్లీకి వచ్చే పేపర్లలో పెట్టించాను. ఒక్కో పేపర్లో అటువైపు ఫ్లాట్ల కరపత్రం, ఇటువైపు నాది. రెండూ మా ప్రెస్సువే.

ఏప్రిల్ 1

పొద్దున్నే ఆంటీ గేటు దగ్గరినుంచి పిలిచింది. పసుపు కాగితం చేతిలో ఉంది. మేడ మెట్ల మీద సిరి వాళ్లమ్మ నిలబడి ఉంది. సీమంతం చేయడానికి ఖమ్మం నుంచి వచ్చిన మనిషి. ఆమె వెనక సిరి.

"దుర్గేష్, ఇది నువ్వు వేసిందేనా?"

"కింద పేరు లేదు గదా ఆంటీ."

"పేరెందుకు? ఈ గల్లీలో సామాజిక న్యాయం అనేవాడు ఇంకెవడున్నాడు?"

"నేనే."

"మీ నాయనమ్మని నేనెప్పుడైనా పొమ్మన్నానా?"

"ఉండుమని గూడ అన్లేదు. ఏదో ఒకటి చెప్పున్రి. అందరి ముంగట చెప్పున్రి. రేపు ఆమెకేమన్న అయితే గీ గేటు తీసుంటదా, ఉండదా?"

అమ్మ పరుగున వచ్చి నా రెక్క పట్టి గుంజింది. "అమ్మగారూ, పోరగాడు, పట్టించుకోకున్రి, పేపర్లు సదివి సదివి గిట్ల..."

"ఉండు నర్సమ్మా. అడగనీ." ఆంటీ మెట్ల వైపు చూసింది.

సిరి వాళ్లమ్మ కొంగు సర్దుకుంది. "మాకు తెలీదండీ, ఇలాంటిది ఉందని. నీళ్లాడాల్సిన పిల్ల ఉన్న ఇంట్లో... తప్పుగా అనుకోకండి. మేం ఇంకో ఇల్లు చూసుకుంటాం లెండి."

"అమ్మా" అంది సిరి.

ఆంటీ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. మళ్లీ పెట్టుకుంది.

"నువ్వు అడక్కపోతే నేను చెప్పేదాన్ని కాదు. అడిగావు కాబట్టి చెప్పాలి. ఉండదు. గేటు తీసి ఉండదు. ఈ నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోండి."

ఒక రకంగా ఇది విజయమే. వర్గస్వభావం బయటపడింది.

సాయంత్రం నాయిన కరపత్రం అడిగి తీసుకున్నాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. కొడతాడనుకున్నాను. "అచ్చు మంచిగ పడ్డది" అన్నాడు. నాలుగు మడతలు పెట్టి నాయనమ్మ మంచం కోడు కింద దోపాడు. ఆ మంచం ఎప్పటినుంచో ఊగుతోంది.

ఏప్రిల్ 2

మంచం ఊగడం లేదు.

ఏప్రిల్ 8

వెనక గల్లీ నుంచి ఒక ఓనర్ ప్రెస్సుకు వచ్చాడు. టు-లెట్ స్టిక్కర్లు కావాలట. ఒక్కడికే కాదు, గల్లీలో ఓనర్లందరికీ కలిపి. విషయం కాగితం మీద రాసుకొచ్చాడు. "వృద్ధులు, రోగులు లేని ఫ్యామిలీకి మాత్రమే."

వృద్ధులు, రోగులు. ఆ వరసలోనే. నా మాటలే.

చిదంబరం సార్ నన్నే కంపోజ్ చేయమన్నాడు. చేశాను. అచ్చుతప్పులు లేవు.

ఏప్రిల్ 14

అమ్మా నేనూ ఇల్లు వెతుకుతున్నాం. నాచారం అయిపోయింది, హబ్సిగూడ వైపు చూడనే అక్కర్లేదు. ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోడ్డు పొడుగునా అద్దెలు కూడా లేస్తున్నాయి. ఇంకా రైలు రాలేదు. రైలు వస్తుందన్న మాటకే అద్దె.

ఓనర్లు అడిగేవి నాలుగే. ఎంతమంది, ఏం పని, మీరేమిట్లు, ముసలివాళ్లున్నారా.

"లేరు" అంది అమ్మ మొదటి ఇంట్లో.

"ఉన్నరు" అన్నాను నేను.

రెండో ఇంట్లో కూడా అంతే. మూడో ఇంటికి పోయేముందు అమ్మ నన్ను మందుల షాపు దగ్గర నిలబెట్టింది. "నువ్వు గీడనే ఉండు నాయినా. సత్యం నీకాడ ఉండనియ్, ఇల్లు నేను సూసొస్త."

అది కూడా దొరకలేదు. ఆ ఓనర్ ఇంటికొచ్చి చూస్తానన్నాడట.

ఏప్రిల్ 21

ఉప్పల్ సంఘం ఆఫీసుకు పోయాను. రెండు గదులు, ఒకదాంట్లో బ్యానర్లు, జెండా కర్రలు తప్ప ఏమీ ఉండవు. కొద్ది నెలలు నాయనమ్మను అక్కడ ఉంచితే చాలు. నరేందర్ అన్న చాయ్ తెప్పించాడు. విషయం చెబితే గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"తమ్మీ, ఏమనుకోకు. గిది గూడ కిరాయిదే."

"తెలుసన్న."

"ఓనర్ కింద్నే ఉంటడు. జెండాలకే లొల్లి పెడుతుండు. గిసొంటిదంటె ఆఫీసు మొత్తం ఖాళీ జేపిస్తడు. ఉద్యమానికి దెబ్బ."

గోడ మీద నా కరపత్రం అంటించి ఉంది. మైదాతో నీటుగా అంటించారు, మూలలు లేవలేదు. వచ్చేటప్పుడు చింపుదామనుకున్నాను. చింపలేదు.

ఏప్రిల్ 28

ఖాళీ చేశాం.

అమ్మ తమ్ముడు పోశయ్య మామ పీర్జాదిగూడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. అక్కడికి తీసుకురమ్మన్నాడు. ట్రాలీ ఆటోలో సామాను, సామాను మధ్య పరుపు మీద నాయనమ్మ, ఆమె పక్కన అమ్మ, నేను. నాయిన ముందు కూర్చున్నాడు. మేం బయల్దేరేటప్పుడు ఆంటీ గుమ్మంలోకి రాలేదు. కిటికీ తెర కొద్దిగా పక్కకు జరిగి ఉంది.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. నాయనమ్మ పిల్లర్లను చూస్తోంది. అమ్మ తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది:

"శివరాత్రికే చెప్పింది అమ్మగారు. 'నర్సమ్మా, పెద్దామెకు ఎక్కువైతే నాకు చెప్పు. ఆ పూటే గుడివాడ పోతా, మా చెల్లెలి దగ్గరికి. గేటు తాళాలు నీకిచ్చి పోతా. నేను ఊళ్లో లేనప్పుడు ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? పైవాళ్లకి నేను సర్దిచెప్పుకుంటాలే' అన్నది."

హారన్లు మోగుతున్నాయి. ముందు లారీ కదలడం లేదు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె అచ్చేస్తవని."

మే 5

ఈ బిల్డింగ్ నాకు తెలుసు. దీని కరపత్రం మా ప్రెస్సులోనే పడింది. గాలి, వెలుతురు, వాస్తు.

గోడలు, కిటికీలు అయ్యాయి. టైల్స్, రంగులు కావాలి. కూలీలు కింద సెల్లార్లో ఉంటారు. వచ్చిన రోజే నాయనమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను, మామ, ఇద్దరు కూలీలు కలిసి రెండో అంతస్తుకు ఎక్కించాం. ఆమె పెళ్లికూతురిలాగా రెండు చేతులతో కుర్చీ పట్టుకొని కూర్చుంది.

నాయిన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "పోశయ్యా, ఎవరో కొనుక్కుంటరు గదా. గిట్ల ఉంచుడు..."

"బావా, గృహప్రవేశం కాంది ఇల్లెట్లయితది? ఇంకా ఎవనిదీ కాదు. మైల ఎవనికంటాలె? సూపర్‌వైజర్‌కు నేను జెప్పిన. మా బావోళ్ల అమ్మ దవాఖానాకొచ్చింది, నాల్గొద్దులుంటదని. నాల్గొద్దులు ఎప్పుడైతయో ఆయన అడగడు, నేను చెప్ప. మీరు గూడ బయట అనకున్రి." చివరి మాట నన్ను చూసి అన్నాడు.

నాయనమ్మ అన్ని గదులూ చూపించమంది. మళ్లీ కుర్చీ ఎత్తాం.

"గిదంత ఎంతమందికి?"

"ఒక్క ఫ్యామిలీకే నాయనమ్మా."

"మరి కడమ రూములల్ల ఎవరుంటరు?"

మూల గది నచ్చిందామెకు. మంచం వేశాం. కోడు కింద కరపత్రం కూడా వచ్చింది, నాయిన జేబులో పెట్టుకొని తెచ్చాడు.

"తలాపు గిటు పెట్టు" అంది. పెట్టాం. "కాదు, గటు." జరిపాం. "కిటికీకి ఎదురుంగ వద్దురా, దగ్గొస్తది. జర ఓరకు. ఇంకా. ఇంకా జర. ఆ... గీడ. గీడ గాలి తాకుతుంది."

నేను ఆమె తల పక్కన తల పెట్టి చూశాను. నిజమే. మొహం మీదికి రాదు, నుదురుకు తగిలి పోతుంది.

మే 19

ప్రెస్సుకు బస్సులో పోతున్నాను. నాయిన కూడా అదే బస్సు. మాట్లాడుకోవడం తక్కువ.

జూన్ 16

నాయనమ్మ మంచం కింది కరపత్రం చదవమంది. తీసి చదివాను. మడతల దగ్గర అక్షరాలు పోయాయి, చూడకుండానే చదివాను.

"ఎవరు రాసిన్రు?"

"నేనే."

"మంచిగ రాసినవ్." కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. "గట్టిగ రాసినవ్. జర మెల్లగ రాయొద్దారా?"

"మెల్లగ రాస్తె ఎవరింటరు నాయనమ్మా?"

"తారామణి ఇంటుండె."

ఆమె కళ్లు మూసుకుంది. కాగితాన్ని మళ్లీ కోడు కింద పెట్టాను. ఈసారి మంచం కొంచెం ఊగింది. ఇంకో మడత పెట్టాను.

జులై 30

తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటించారు. ఉప్పల్ నుంచి ఇక్కడిదాకా పటాకులు. సెల్లార్లో కూలీలు డబ్బాలు కొడుతూ ఎగిరారు. నరేందర్ అన్న ఫోన్ చేశాడు, మాట సరిగా వినపడలేదు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. యూనివర్సిటీకి రమ్మన్నాడు. ఎన్నేళ్లుగా ఎదురుచూసిన రోజు. పోదామనే చొక్కా వేసుకున్నాను.

"ఎవరి పెండ్లిరా?" అంది నాయనమ్మ.

"తెలంగాణ వచ్చింది నాయనమ్మా."

"వచ్చిందా? మంచిది. కిటికి జర ముయ్యి, పొగొస్తుంది."

కిటికీ మూసి, పక్కనే కూర్చున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

పొద్దున పోయింది. గదిలో, మంచం మీద.

రోడ్డు మీద పెట్టలేదు.

సెలవు కాబట్టి మేస్త్రీలు లేరు. సెల్లార్ కూలీల ఆడవాళ్లు నీళ్లు మోసుకొచ్చారు. వాళ్లెవరో మాకు తెలియదు, మేమెవరమో వాళ్లకు తెలియదు. ఏం చేయాలో మాత్రం అందరికీ తెలుసు.

అమ్మ ఫోన్ చేసినట్టుంది, తారామణి ఆంటీ ఆటోలో వచ్చింది. మోకాళ్ల నొప్పులతో రెండు అంతస్తులు ఎక్కింది. కింద ఉండమని మామ అన్నా వినలేదు. నాయనమ్మ కాళ్ల మీద కొత్త చీర పెట్టి, అక్కడే ఉన్న సిమెంటు బస్తా మీద కూర్చుంది. గది నాలుగు వైపులా చూసింది.

"గాలి బాగా వస్తోందే" అంది.

"ఆమెనే తలాపు ఇటు పెట్టిచ్చుకున్నది అమ్మగారూ" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది, అంతవరకూ ఏడవని మనిషి. ఆంటీ ఆమె వీపు మీద చేయి వేసి ఉంచింది.

"సిరికి పాప పుట్టింది" అని చెప్పింది కొంతసేపటికి. "పోచారం దగ్గరికి మారిపోయారు. అక్కణ్ణించి ఆఫీసు దగ్గరట. పైన ఖాళీగానే ఉంది, వెనక మీ గదీ ఖాళీ. కారు నిలబెట్టుకోడానికి చోటు మాత్రం బోలెడుంది." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంకా కరపత్రాలు వేస్తున్నావా?"

"ఫ్లాట్లవి ఏస్తున్నం అమ్మగారూ" అన్నాను.

మూసీ ఒడ్డుకు తీసుకుపోయాం.

సెప్టెంబర్ 15

మూల గదికి తప్ప అన్ని గదులకూ టైల్స్ పడ్డాయి. మేం కిందికి, వెనక వైపున్న మామ రేకుల షెడ్డుకు మారాం.

మధ్యాహ్నం కారు వచ్చింది. ఆమె దిగుతుంటే దూరం నుంచి సిరి అనుకున్నాను. కాదు. అదే వయసు, మెడలో అలాంటి ఆఫీసు ట్యాగే. ఆమె, భర్త. సూపర్‌వైజర్ లేడు. మామ బోరు దగ్గర ఉన్నాడు. "అల్లుడూ, రెండో ఫ్లోర్ జర సూపెట్టు" అని కేకేశాడు.

తాళం తీశాను. వాళ్లు హాలు కొలుచుకున్నారు, వంటగదిలో ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు. చివరికి మూల గదికి వచ్చారు. ఆమె గోడ దగ్గర ఆగింది.

"ఇదేంటి, మరక?"

నడుం ఎత్తులో, అరచేయంత. మంచం మీద ఆనుకొని కూర్చున్నప్పుడు తల తగిలిన చోటు. నాయనమ్మ చివరిదాకా కొబ్బరినూనె మానలేదు.

"నూనె మరకండీ. లప్పం పెడితె పోతది."

"ఎవరైనా ఉన్నారా ఇందులో?"

చావు ఏ గోడకూ అంటదు. చావు నేరం కాదు. ఈ రెండు వాక్యాలూ నేనే రాశాను, అచ్చులో ఉన్నాయి. గొంతులోకి వచ్చాయి కూడా. బోరు దగ్గర మామ కూలీలతో ఏదో అని నవ్వుతున్నాడు, ఆ నవ్వు ఇక్కడికి వినిపిస్తోంది.

"లేరండీ" అన్నాను. "మీరే మొదలు."

ఆమె కిటికీ తెరిచి చేయి బయట పెట్టింది. "గాలి ఎంత బాగుందో చూడు. ఈ గది అత్తయ్యకి ఇచ్చేద్దాం. ఆయాసం మనిషి, కాస్త ఊపిరాడుతుంది."

"అమ్మ ఒప్పుకోవాలిగా. ఊరొదిలి ఎక్కడికీ రానంటుంది. పోతే నా ఇంట్లోనే పోతానంటుంది" అన్నాడతను.

"ఇది మాత్రం ఎవరిల్లు? రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదేగా" అంది నవ్వుతూ. మంచం ఎక్కడ పడుతుందో చూడటానికి గది మధ్యకు నడిచి, కిటికీకి ఎదురుగా నిలబడి చేతులు చాచింది. "ఇక్కడేస్తే?"

నేను గుమ్మంలో తాళం పట్టుకొని ఉన్నాను. పోయి వాళ్ల ముందు నిలబడ్డాను.

"కిటికీకి ఎదురుగ వద్దండీ, దగ్గొస్తది. జర ఓరకెయ్యున్రి" అన్నాను. "తలాపు ఇటు. ఇంకా జర. ఆ, గీడ."